బొటనవేలి రంధ్రం

కప్పు గెలిచి పదకొండేళ్లయినా, బరువైన బంతి దొర్లించి చివర నిలబెట్టిన సీసాల్లాంటి పిన్నులను పడగొట్టే బౌలింగ్ హాల్లో ఆమెను అందరూ ఛాంపియన్ అనే పిలిచేవారు. వరసగా మూడేళ్లు గెలిచింది. నాలుగో ఏడు ఫైనల్లో, మూడో ఆటలో, బంతి వదిలే క్షణాన బొటనవేలు, పట్టు కోసం బంతికి తొలిచిన రంధ్రంలో ఇరుక్కుపోయింది. ఏడు కిలోల బంతి చేతిని ముందుకు లాక్కుపోయింది. మణికట్టులో ఏదో పుటుక్కుమంది. ఆమె ఆడింది అదే ఆఖరు.

ఆ రంధ్రాన్ని వెంట్రుకవాసి ఇరుకుగా తొలిచారని తర్వాత తెలిసింది. ఆడేకొద్దీ వేలు ఉబ్బుతుంది. మొదటి ఆటలో హాయిగా ఉన్నది మూడో ఆటకి పట్టేస్తుంది.

రెండు ఆపరేషన్లయ్యాక ఛాంపియన్ ఆ తొలిచే పనే నేర్చుకుంది. హాలు మెట్ల కింద చిన్న కొట్టు పెట్టి బంతులు, బూట్లు అమ్మేది. సాయంత్రాలు ఆట నేర్పేది. కొనడానికొచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ నాలుగుసార్లు కొలిచేది. అదే హాల్లో పిన్నులు నిలబెట్టే యంత్రాలు బాగుచేసే ఆమె భర్త, "ఉంగరాలు చేయించేవాళ్లు కూడా ఇన్నిసార్లు కొలవరు" అని నవ్వేవాడు.

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో మొదటిసారి ఫైనల్ దాకా వెళ్లింది ఒక బస్సు డ్రైవరు. నలభై రెండేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. ఐదేళ్ల కిందట వాన తగ్గేదాకా నిలబడదామని హాల్లోకొచ్చి, అలాగే ఆటలో పడిపోయింది. ఫైనల్‌కి రెండు రోజుల ముందు ఆమెకు ఛాంపియన్ కొత్త బంతి తొలిచి ఇచ్చింది.

ఫైనల్ రోజు పొద్దున ఛాంపియన్ కొట్టు తెరిచి డ్రిల్లు పెట్టె చూసింది. రంధ్రాలు తొలిచే రెండు బిట్లు ఒకదాని గూట్లో ఒకటి ఉన్నాయి. సైజులో ఒక్క నంబరే తేడా. తీసేటప్పుడు తారుమారయ్యాయా, పెట్టేటప్పుడా?

"తొలిచాక కొలిచావు కదా?" అన్నాడు భర్త.

"లేదు. అప్పుడే ఎవరో బూట్ల కోసం వచ్చారు. మాటల్లో పడి మర్చిపోయాను."

"అయితే వెళ్లి చెప్పెయ్యి."

"చెబితే ఆ భయానికే చెయ్యి బిగుసుకుంటుంది. చెప్పకపోతే..." అని మణికట్టు పట్టుకుంది.

పోటీ ఊరికి అటు చివర. ఆమె చేరేసరికి, డ్రైవరు పాత బంతితో సహా బంతులన్నీ తూచి తాడు అవతల పెట్టేశారు. ఆట ముగిసేదాకా వాటిని ఆటగాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. డ్రైవరు ఆమెను చూసి చెయ్యి ఊపింది. "వెన్నలా జారిపోతోందక్కా ఈ బంతి" అంది. ఛాంపియన్ వెళ్లి తాడు పక్కన నిలబడింది.

మొదటి ఆటలో డ్రైవరు పదకొండు పిన్నులు ముందుంది. రెండో ఆట ముగిసేసరికి పందొమ్మిది. చుట్టూ చప్పట్లు. ఛాంపియన్ పిన్నుల వైపు చూడనే లేదు. ప్రతి విసురుకీ ఆ బొటనవేలినే చూసింది. ఒకసారి డ్రైవరు వేలిని తువాలుకేసి రుద్దుకుంది. నొప్పా, చెమటా?

విరామంలో డ్రైవరు నీళ్లు తాగడానికొచ్చింది. వేలు ఎర్రగా ఉంది. రెండు ఆటలాడితే ఎవరి వేలైనా ఎర్రబడుతుంది. అది తెలిసీ ఛాంపియన్ ఆగలేకపోయింది.

"పాత బంతితో ఆడు."

"ఎందుకు? ఇది బాగానే ఉందిగా."

"రంధ్రం ఇరుకుగా తొలిచానేమోనని అనుమానం. అనుమానమే. నిజం నాకూ తెలీదు."

డ్రైవరు బంతివైపు చూసింది. "మీ వేలు ఇరుక్కుంది మూడో ఆటలోనే కదా?"

"అవును."

"రేపు స్టీరింగ్ ఈ చేత్తోనే తిప్పాలక్కా" అని పాత బంతి తీసుకుంది.

అరిగిపోయిన పాత బంతి తిరగాల్సిన చోట తిరగలేదు. మొత్తం మీద ఆరు పిన్నుల తేడాతో డ్రైవరు ఓడిపోయింది. అయినా ఛాంపియన్ భుజం తట్టి, "చెయ్యి దక్కింది, చాలు" అంది.

ఛాంపియన్ కొత్త బంతిని కొట్టుకి తెచ్చి కొలిచింది. మళ్లీ కొలిచింది. రంధ్రం సరిగ్గా ఉంది. బిట్లు తిరిగి పెట్టేటప్పుడే తారుమారయ్యాయి.

"చెప్పకపోతే తనకెప్పటికీ తెలీదు" అన్నాడు భర్త నెమ్మదిగా.

ఛాంపియన్ మర్నాడు మధ్యాహ్నం డ్రైవరు నడిపే బస్సెక్కి, ఆఖరి స్టాపులో అందరూ దిగేదాకా ఆగి, జరిగింది చెప్పింది.

డ్రైవరు చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. "అంటే గెలిచేదాన్నేమో."

"గెలిచేదానివే అనుకుంటాను."

"కిందికి దిగండక్కా. కోపంతో బండి నడపకూడదు. మీరు వెనక కూర్చుంటే తగ్గదు."

ఛాంపియన్ దిగి, తర్వాతి బస్సులో ఇల్లు చేరింది.

రెండు వారాలు డ్రైవరు రాలేదు. సాయంత్రమైతే చాలు, మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా ఛాంపియన్ తల ఎత్తేది. భర్త భోజనానికి పిలిచినా లేచేది కాదు.

మూడో వారం మంగళవారం డ్రైవరు కొట్టు ముందు నిలబడింది. "నా కొత్త బంతి ఏది?"

ఛాంపియన్ బంతి ఇచ్చి, వెనకే మెట్లెక్కబోయింది.

"మీరు రాకండి" అంది డ్రైవరు. "మీరు నా వేలివంకే చూస్తూ నిలబడితే నాకూ భయమేస్తుంది. ఇవాళొక్కదాన్నే ఆడుకుంటాను. పాఠం గురువారం చూద్దాం."

ఛాంపియన్ స్టూలు మీద కూర్చుంది. పైన బంతి దొర్లుతున్న చప్పుడు, ఆ వెంటనే పిన్నులు కూలిన చప్పుడు. వేలు బయటికొచ్చిందన్నమాట. ఆమె రెండో విసురు కోసం చెవి ఒగ్గింది.