ఏడో వరుస

గురప్ప చచ్చి మూడేళ్లయినా పని మానలేదు.

ఆ పొద్దున కూడా పిళ్ళప్ప చింతామణి చాకీ కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చుని, కేంద్రాలకు ప్రోగ్రాములు రాసే నందీశ్ ఇచ్చిన స్క్రిప్టును నొక్కాడు. తెర నల్లబడి వరుసలు దిగాయి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడు చోట్లా పట్టుపురుగు గుడ్లను పొదిగించి, పిల్లల్ని రెండుసార్లు పొర విడిచేదాకా సాకి రైతులకిస్తారు. వాటికి దీపం, వేడి, తేమ అన్నీ కంప్యూటర్లే వేళకు పెడతాయి. ఏది ఎప్పుడు నడిచిందో, మళ్లీ ఎప్పుడు నడవాలో, ఫలితమేమిటో చూడటం పిళ్ళప్ప పని. సున్నా పడితే బాగున్నట్టు. ఆరో క్లాసులో బడి మానినవాడికి సున్నాను చూసి నెమ్మదించడం అలవాటయ్యేసరికి ఏడాది పట్టింది. ప్రతి వరుస చివరా పని పెట్టినవాడి పేరుండేది. గురప్ప. గురప్ప. గురప్ప.

పిళ్ళప్పకు యాభై మూడేళ్లు. భుజాలు ముందుకు వంగిన మనిషి. ఆకు కోసి కోసి నల్లబడిన బొటనవేలు ఎనిమిదేళ్లుగా కుర్చీలో కూర్చున్నా తెల్లబడలేదు. మేనేజరుగా ఉన్న రోజుల్లో గురప్ప అతని ఎకరా పదకొండు గుంటల మల్బరీ తోటకు గుత్త పత్రమని చెప్పి కన్నడ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. చదివి చెప్పమంటే నవ్వి భుజం తట్టాడు. తీరా చూస్తే అది క్రయపత్రం. నాయన బోరు వేయించిన తోట యజమాని వెంకటాచలపతి పేరుకు పోయింది. నోరు మూయించడానికి ఈ కుర్చీ ఇచ్చారు. ఆ తోట వైపు పిళ్ళప్ప మళ్లీ కాలు పెట్టలేదు.

గురప్ప గుండె ఆగి పోయిన వారమే పేరు మార్చమని అడిగాడు. యజమాని ఒప్పుకోలేదు. పురుగు మేత పట్టాక చేయి మార్చరాదన్నాడు. తొలి ఆకు ఎవరి చేతి మీద పడిందో ఆ పంట అయ్యేదాకా ఆ చేయే ఉండాలి, మారితే పురుగు తలెత్తి చూస్తుంది, మేత మానుతుంది. మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ పంట ఉండేది. అట్లా పూడ్చిపెట్టిన మనిషి రోజూ తెల్లవారి ఐదుకు దీపాలు వెలిగిస్తూ వచ్చాడు.

ఈ రోజు మాత్రం మూడు చోట్లా గదులు ఖాళీ. సున్నం, బ్లీచింగు చల్లి మూసిపెట్టారు. రేపో మాపో పగిలే కొత్త గుడ్లు సాయంత్రానికి వస్తాయి. నడుమ దొరికింది ఈ ఒక్క పగలే. నందీశ్ బెంగళూరు నుంచే కేంద్రం ఫోనుకు చేసి మాట్లాడుతూ పేర్లు మార్చసాగాడు. తెర మీద ఒక్కొక్క గురప్ప చెరిగిపోయి పిళ్ళప్ప వస్తుంటే, అతను ఒక్కోదాన్నీ నల్లటి బొటనవేలితో లెక్కపెట్టుకున్నాడు. చింతామణి ఏడో వరుస దగ్గర నందీశ్ ఆగాడు.

"అన్నా, ఇది నేను పెట్టింది కాదు. గురప్పన్న తానే పెట్టుకున్నట్టుండాది."

పిళ్ళప్పకు ఆ వరుస తెలుసు. మధ్యాహ్నం రెండూ నలభైకి నడిచేది, సున్నా పడేది. గదిలో దీపం వెలిగేది కాదు, ఫ్యాను తిరిగేది కాదు. ఎన్నోసార్లు ఆ వేళకు గది నడుమ నిలబడి చూశాడు. ఏమీ జరిగేది కాదు.

"ఏం చేస్తాండాది నందీశా అది?"

"ఏదో నంబరుకు మెసేజ్ పంపిస్తాండాది. తీసేద్దునా?"

నంబరు రాసుకుని పిళ్ళప్ప తన ఫోనులో కొట్టాడు. ఒక్క రింగుకే ఎత్తారు. ఒక ఆడగొంతు, ఊపిరి తీయకుండా, మోటారు నిలిచి ఉందని కన్నడలో చెప్పింది. మళ్లీ అదే చెప్పింది. అది మనిషి గొంతు కాదు, బోరుకు తగిలించిన మొబైల్ స్టార్టరు, మెసేజ్ వస్తే మోటారు నడిపే పెట్టె. యజమానికి మోటారున్న తోట ఒకటే ఉంది, పిళ్ళప్ప నాయన బోరు వేయించింది.

"తీయొద్దు," అన్నాడు. "నా పేరు పెట్టు."

రెండు గంటలకు తలుపు వేసి తోట దారి పట్టాడు. ఆకు కోసే హనుమక్క గట్టు మీద కూర్చుని సంగటి తింటోంది. అతన్ని చూసి, దారి తప్పినావా ఏమప్పా అని ఎకసెక్కమాడింది. నీళ్లెవరు వదులుతారని అడిగాడు.

"ఎవురూ రారప్పా. మూడేండ్లుగా చూస్తాండా, దానంతట అదే వస్తాది. గురప్పే పెడతాండాడని మేం నవ్వుకుంటాం." అని నవ్వబోయి, ఎందుకో ఆపేసింది.

"ఈ పొద్దు నేను పెట్టినా."

హనుమక్క అతని ఖాళీ చేతుల వైపు చూసింది.

రెండూ నలభైకి మోటారు మూలిగింది. పైపులు పాముల్లా బిగిశాయి. సాళ్లన్నిట్లో ఒక్కసారిగా టిక్కు టిక్కుమని చుక్కలు మొదలయ్యాయి, కనబడని వాళ్లు వందల మంది నాలుకలు చప్పరిస్తున్నట్టు. గాలి లేదు. అయినా ఆకులు వణికాయి. పిళ్ళప్ప చెప్పులు విడిచి తడిలోకి దిగాడు. వేళ్ల సందుల్లోకి మట్టి చల్లగా వచ్చింది. ఎడమ చేయి బరువెక్కింది. కాసేపు కూర్చుంటానని చెప్పి గట్టుకు వీపు ఆనించాడు. హనుమక్క ఆకు మోపు దించి వచ్చి, నీళ్లు చాలప్పా, నిలుపు అంది. అతను పలకలేదు.

మరునాడు తెల్లవారి ఐదుకు మూడు ఊళ్లలోనూ దీపాలు వెలిగాయి. గుడ్లు పగిలి నల్లటి చీమల్లాంటి పిల్లలు బయటపడ్డాయి, తొలి ఆకు పడింది. కుర్చీలోకి కొత్తగా వచ్చిన యశోదమ్మ స్క్రిప్టు నొక్కింది. అన్నీ సున్నాలే. అన్నిటి చివరా పిళ్ళప్ప. ఆమె తడబడుతూ, పోయిన మనిషి పేరు మార్చిద్దామా అని యజమానిని అడిగింది. వెంకటాచలపతి పురుగుల గది వైపు ఒకసారి చూశాడు.

"మేత పట్టినాయమ్మా," అన్నాడు. "ఇప్పుడు చేయి మార్చరాదు."

తోటలో అతని చెప్పులు ఎవరూ ముట్టలేదు. మధ్యాహ్నం రెండూ నలభైకి పైపు కారి వాటిలో నీళ్లు నిండేవి, సాయంత్రానికి ఇంకిపోయేవి. అరిగిన మడమల గుంటలతో, ముందరి వైపు ఇంటి దారికి తిరిగి, అవి అక్కడే ఉండిపోయాయి, ఒక ఎకరా పదకొండు గుంటల తడిలో.