వర్గమూలం కట్టాల్సింది రెండుకా, మూడుకా?

"మూడు!" అని ఎక్స్‌రే గదిలోంచి కొత్త ఆపరేటరు కేకేశాడు.

పిన్నుల ఫ్యాక్టరీ ల్యాబులో లెక్కలు కట్టే ఆమె చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "అదేంటన్నయ్యా, నిన్న రెండన్నారు! ఒకే పెట్టెలో పిన్నులు కదా?"

"నేను చెప్పేది ముక్క నెంబరు. నిన్న పెట్టింది రెండో ముక్కమ్మా. మొదటిది సరిగ్గా నిలబడక పక్కన పడేశాను. ఇవాళ మూడోది. రెండు తర్వాత మూడే కదా, మీ దగ్గర వేరే లెక్కుందా?" అని నవ్వాడాయన.

ఆమె గబుక్కున నిన్నటి కాగితం దగ్గరికి లాక్కుంది.

పదకొండేళ్ళుగా ఆమె చేసేది ఇదే లెక్క. మొన్న రిటైరైన పాత ఆపరేటరు మహా పొదుపరి, మాటల్లో కూడా. లోహంలో పరమాణువులు ఘనం మూలల్లోనూ నడిమధ్యా ఉంటే "రెండు" అనేవాడు. మూలల్లోనూ ముఖాల మీదా ఉంటే "మూడు". పరమాణువుల పొరల మధ్య యంత్రం చూపిన మొదటి దూరాన్ని ఆ అంకె వర్గమూలంతో గుణిస్తే ఘనం అంచు పొడవు వచ్చేస్తుంది. నిన్న "రెండు" చెవిన పడగానే చెయ్యి అలవాటుగా గుణించేసింది. యంత్రం చూపిన 2.07కి 2.93 వచ్చింది. గట్టిపడిన ఉక్కుకి 2.87 రావాలి. కార్బన్ ఎక్కువై కాస్త ఉబ్బిందిలే అనుకుని సంతకం పెట్టేసింది. మచ్చుకి తీసిన ముక్కలు తప్ప, మధ్యాహ్నానికల్లా పెట్టె వెళ్ళిపోయింది.

ఇప్పుడు అదే 2.07ని మూడు వర్గమూలంతో గుణించింది. 3.59. గట్టిపడని ఉక్కుకి, అంటే ముఖాల అమరికకి, సరిగ్గా ఇంతే రావాలి. ఈ ఉక్కు గట్టిపడనే లేదు. అలాంటి పిన్ను బరువు మోస్తూ మోస్తూ లోలోపల అమరిక మార్చుకుంటుంది, ఉబ్బుతుంది, చెప్పాపెట్టకుండా విరుగుతుంది.

అవి లిఫ్టుల పిన్నులు. వాటిని బిగించే మెకానిక్కు ఆమె భర్త.

మూడోసారి చేస్తే గాని ఫోను ఎత్తలేదు. "ఏంటే, అప్పుడే బెంగా?"

"ఎక్కడున్నావ్?"

"తొమ్మిదో అంతస్తులో, లిఫ్టు నెత్తిమీద. నువ్వు పాస్ చేసిన పిన్ను పెళ్ళికొడుకులా కూర్చుంది!"

"దిగు."

"ఒక్క బోల్టు..."

"బోల్టూ వద్దు, ఏమీ వద్దు! గోడ నిచ్చెన పట్టుకుని దిగు. నీకు దణ్ణం పెడతాను, ఫోను మాత్రం పెట్టెయ్యకు."

ఫోనులో ఇనప మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒకటి. మధ్యలో చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకటి. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"దిగాను. ఏమైంది?"

"తప్పు లెక్క కట్టాను. ఆ పిన్నులు పనికిరావు. ఇంకెక్కడైనా వాడారా?"

"నిన్న సాయంత్రం... ఎదురుగా ఆసుపత్రి లిఫ్టుకి."

"పరుగెత్తు!"

అతని ఆయాసం, హారన్లు, ఎవరివో తిట్లు. నిన్న సంతకం పెట్టిన కాగితం పట్టుకుని ఆమె మేనేజరు గది ముందుకొచ్చింది. తలుపు కొట్టబోయిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"లిఫ్టు ఆపేశాను," అన్నాడతను ఎట్టకేలకు. "స్ట్రెచరు తోసేవాళ్ళు నన్ను కొట్టినంత పని చేశారు. లోపల ఎవరూ లేరు."

అప్పుడు తలుపు కొట్టింది.