నల్లమందు పాఠం

"ఎప్పుడో చచ్చిన చైనావాళ్ళ సంగతి నీకెందుకే? పప్పు అడుగంటుతాంది చూడు," అన్నాడు మొగుడు సుభాని, సోఫాలోంచి లేవకుండానే.

హసీనా పొయ్యి తగ్గించింది. సౌదీలో, జెద్దా ఇండియన్ స్కూల్లో సోషల్ టీచరామె. మర్నాడు నల్లమందు యుద్ధాల పాఠం. చపాతీలు వత్తుతూ అదే పైకి నెమరేసుకుంటోంది. బీహారులో మన రైతుల మెడలు వంచి పండించిన నల్లమందును తెల్లదొరలు చైనాలో అమ్మించారు. వద్దు మొర్రో అని ఆ దేశం సరుకును సముద్రం పాలు చేస్తే యుద్ధనౌకలు పంపారు. వాటిలో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. ఫిరంగుల ఎదుట సంతకం పెట్టించుకుని హాంకాంగ్ లాక్కున్నారు, కావలసిన రేవులు తెరిపించుకున్నారు. ఇంతవరకూ పుస్తకంలో ఉంది. ఆ మందు ఇళ్ళలోకి వచ్చాక ఆడవాళ్ళు ఏమయ్యారో మాత్రం లేదు.

అది కింది ఫ్లాట్‌లో ఉండే మా లిన్ అనే ఆమె చెప్పింది. ఆమె చైనా ముస్లిం, 'మా' అన్నది ఇంటిపేరు, భర్త రేవులో ఇంజనీరు. పాఠం చెప్పొచ్చిన సాయంత్రం ఆమె దగ్గర టీ తాగుతూ హసీనా మాటవరసకు ఆ ముచ్చట తీస్తే, మా లిన్ తన ముత్తవ్వ కథ ఎత్తుకుంది. ముత్తాతకు నల్లమందు అలవాటైంది. పొలం పోయింది, ఎద్దులు పోయాయి. ఒకరోజు పుట్టింటికి పోదాం రమ్మని భార్యను అరువు బండి ఎక్కించి, పొరుగూరి వర్తకుడి వాకిట్లో దించేసి వచ్చాడు. తనను అమ్మేశాడని ఆమెకు అక్కడ తెలిసింది.

"మా ఇంట్లో ఇప్పటికీ ఆయన్ను మంచివాడనే అంటారు. మందు చెడగొట్టిందంటారు. మందు తెచ్చింది తెల్లవాళ్ళే, నిజమే. బండి తోలింది మాత్రం ఆయనే," అంది మా లిన్.

మెట్లెక్కుతుంటే ప్రొద్దుటూరు నుంచి అత్త హుసేన్‌బీ ఫోన్.

"వచ్చేనెల వచ్చేస్తాండావంట గదమ్మా! నీకు ఎగ్జిట్ కొట్టించినానని సుభాని చెప్పినాడు. ఇంక నాకు ఇంటిపని బాధ తప్పింది."

హసీనా రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. ఇక్కడ ఉండనిచ్చే ఆమె ఇకామా కార్డు భర్త పేరు మీద ఉంది. ఎగ్జిట్ కొట్టి ఈ దేశం నుంచి ఆమెను మళ్ళీ రాకుండా పంపేయడానికి అతను ఫోన్లో నాలుగు మీటలు నొక్కితే చాలు. టిఫిన్ డబ్బా కట్టించుకుని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఒక్క మాట అనకుండా నొక్కేశాడు. మా ఆవిడ ఎమ్మే అని పెళ్ళైన కొత్తలో ఊరంతా చెప్పుకుని మురిసిన మనిషి. సెలవుల్లో ఊరికి పోదామని మొన్న అంత ప్రేమగా అన్నది ఇందుకా!

"నన్నొక మాట అడగాల గదా?" అంది లోపలికొచ్చి.

సుభాని టీవీ మీంచి చూపు తిప్పలేదు. "అడిగితే ఒప్పుకుంటావా? అమ్మకు చేతగావడంల్యా. నీదేమన్నా కలెక్టరుద్యోగమా?"

ఆమె ఒప్పుకోదని అతనికి తెలుసు. తెలిసే అడగలేదు.

"సరే, పోతాలే," అంది.

"అదీ! బుద్ధిమంతురాలివి."

"ప్రొద్దుటూరికి గాదు. మా కర్నూలికి పోయి ఉద్యోగం చూసుకుంటా. మీ అమ్మను చూసుకోవాల్సింది నువ్వు. నీకు పనిచ్చిన ఆ కఫీల్‌ను అడిగి, నువ్వు గూడా ఎగ్జిట్ కొట్టించుకో."