తవుడుతో తుడిచిన గోడ

కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ నిశామణికి ఒక సందేహం ఉండేది. దీపావళి నాడు మునిమాపువేళ ఇంటిల్లిపాదీ వాకిట్లో నిలబడి, గోగుకాడల కట్టలు వెలిగించి ఆకాశం వైపు ఎత్తి, "పెద్దలారా, చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి" అని పోయినవాళ్ళను పిలుస్తారు. వాళ్ళు వస్తారనే అనుకుందాం. కానీ చీకట్లో వచ్చేవాళ్ళు ఏ ఇల్లు తమదో ఎలా పోల్చుకుంటారు? వీధికి అటూ ఇటూ గోడకు గోడ ఆనుకుని ఒకే వరస ఇళ్ళు, ఒకే తీరు గడ్డికప్పులు. పగలు వచ్చిన చుట్టాలే పొరపాటున పక్కింటి గడప ఎక్కుతుంటారు.

దేవుడి పనుల్లో అనుమానాలు పెట్టుకోకూడదని పుట్టింట్లో నేర్పారు గనక కొన్నాళ్ళు నోరు మూసుకుంది. చివరికి ఉండబట్టలేక అత్తగారినే అడిగేసింది. ఆ ఒడియా పల్లెలో అమ్మను 'బొవూ' అంటారు, కొడుకులతో పాటు తనూ ఆవిడను అలాగే పిలిచేది. బొవు పొడుగు మనిషి, ఎడమచేతి వాటం. దేవుడి గది ఎడమచేత్తో అలకొచ్చా అని వీధిలో ఎవరైనా గొణిగితే, "ఈ చెయ్యి ఇచ్చింది జగన్నాథుడే, ఆయన్నే అడగండి" అనేది. కోడలు ఈ ప్రశ్న వేసినప్పుడు కూడా ఆవిడ పూజగది గోడే మెత్తుతోంది.

"తన చేత్తో మెత్తిన గోడని ఎవరైనా మర్చిపోతారటే పిచ్చిమొహమా? నేను పోయాక చూడు, సరాసరి ఈ గదిలోకే వస్తాను. నువ్వు పిండివంటల్లో బెల్లం సరిగ్గా వేశావో లేదో చూసి మరీ వెళతాను" అని నవ్వింది.

జవాబు బాగానే ఉంది. నిశామణికి మాత్రం సగమే నమ్మకం కుదిరింది. బొవు పోయి చాలా ఏళ్ళయినా, ప్రతి దీపావళికీ కట్ట పైకెత్తేటప్పుడు ఆ తక్కిన సగం మనసులో మెదులుతూనే ఉండేది.

ఈ ఏడు పిలుపు అయ్యాక ఆమె భర్త పీతవాస్, కాలగా మిగిలిన కాడల్ని ఎప్పటిలాగే పెరటి మూలకు విసిరాడు. దయా నది వైపు నుంచి ఉన్నట్టుండి గాలి లేచింది. ఒక నిప్పురవ్వ ఎగిరి కప్పు మీద పడింది. వీధి వీధంతా బిందెలతో పరిగెత్తుకొచ్చింది. పక్క ఇళ్ళ కప్పుల మీద తడి గోనెలు పరిచారు. ఆవును విప్పి తోలారు. మనిషికి గాని పశువుకు గాని ఏమీ కాలేదు, ఆ దయామయుడి చలవ. కానీ తెల్లారేసరికి ఇంటికి కప్పు లేదు. ముందు వసారా గోడ, పూజగది గోడలు నిలబడి ఉన్నాయి, కాటుక పూసినట్టు.

ఇలాంటప్పుడు ఆ వీధిలో ఏ ఇల్లాలైనా ముందు చేసే పని ఒక్కటే. ఇల్లు మైలపడింది, శుద్ధి చెయ్యాలి. నిశామణి బాల్చీడు ఆవుపేడ నీళ్ళు కలిపి, వసారా గోడను పైనుంచి కిందదాకా అలికింది. మసి కరిగి గోడలోకి దిగింది. ఎండేసరికి నల్లటి చారలు తేలాయి. మళ్ళీ అలికింది. ఎర్రమట్టి పూసింది, దాని మీద సున్నం కొట్టింది. ఏం చేసినా లోపలి మసి చెమట పోసినట్టు పైకి వచ్చేస్తూనే ఉంది.

కటకంలో బస్సు నడిపే మరిది బనమాలి కబురందుకుని వచ్చి, ఆ గోడ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"భావుజా, దీనికి ఎంత పేడ తినిపించావు? పాపం, అరిగించుకోలేక కక్కుతోంది."

"వచ్చీ రాగానే వదినతో వేళాకోళమా, బనా?"

"వేళాకోళం కాదు. మొత్తం పడగొట్టేద్దాం. ఇటుక గోడలు లేపుదాం, ఇటుక నేను తోలిస్తాను. అన్నా, ఏమంటావు?"

పీతవాస్ తల ఊపాడు. కాడలు విసిరింది తన చెయ్యే అన్న మాట అతన్ని తినేస్తోంది. నాలుగు రోజులుగా ఎవరేమన్నా తల ఊపుతున్నాడు.

"వసారా పడగొట్టు. పూజగది వద్దు" అంది నిశామణి.

"అదేగా అన్నిటికన్నా నల్లగా ఉంది! నడినెత్తిన ఎండ పడుతున్నా లోపల చీకటిలాగే ఉంది."

"అది బొవు మెత్తిన గోడ. అదీ తీసేస్తే పెద్దలు వచ్చి ఎవరింట్లో దూరాలి?"

అనేశాక సిగ్గుపడింది. ఇన్నేళ్ళూ లోపల దాచుకున్న మాట ఇలా బయటపడింది. బనమాలి మెత్తగానే అన్నాడు, "ఈసారి పెద్దలకి మనం మరీ ఎక్కువ వెలుగు చూపించాం భావుజా."

పీతవాస్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. బనమాలి నాలుక కరుచుకున్నాడు. "సరే, ఒక గడువు పెట్టుకుందాం. మార్గశిరంలో మొదటి గురువారం దాకా పూజగది జోలికి రాను. అప్పటికి గోడ బాగుపడి, మాణ ఆ గదిలో నిలపగలిగితే ఉంచుకో. లేదంటే లక్ష్మీదేవిని ఈ ఏటికి పక్కింట్లో కూర్చోబెట్టు, మర్నాడు నేను గునపం పడతాను" అన్నాడు.

మాణ అంటే బెత్తంతో అల్లిన కొలపాత్ర. మార్గశిర గురువారాల్లో దాన్ని కొత్త వడ్లతో నింపి, అదే లక్ష్మి అని కొలుస్తారు. పక్కింట్లో కూర్చున్న లక్ష్మి మళ్ళీ మనింటికి వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? నిశామణి ఒప్పుకుంది. వేరే దారి కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్ళీ పేడనీళ్ళ బాల్చీతో పూజగది గడప దాటబోతుంటే, వెనకనుంచి ఒక కేక వినబడింది.

"ఆగు! ఆ బాల్చీ కింద పెట్టు!"

పక్కింటి కేతకి. పిన్నమ్మ వరస గనక వీధంతా ఆవిణ్ణి ఖుడీ అంటుంది, ఎదురుపడితే తప్పుకుంటుంది కూడా. ముండమోసి ఒంటి చేత్తో ఇద్దరు కూతుళ్ళను పెంచిన మనిషి. ఆవిడ నోటికి జడవని వాళ్ళు లేరు.

"దీపం గూడు ఎలా తుడుస్తావే నువ్వు? నీళ్ళతోనా?"

నిశామణి బాల్చీ కింద పెట్టింది. గూట్లో పేరుకునే దీపం మసిని ఆ వీధి ఆడవాళ్ళందరూ పొడి తవుడుతోనే తీస్తారు. నీళ్ళు తగిలితే పులుముకుంటుందని చిన్నప్పుడే నేర్చుకుంటారు. తెలిసిన పనే. కానీ ఇల్లంతా ఒక పెద్ద గూడైపోయిన రోజున ఆ ఊసే తట్టలేదు. మైల అనుకుంది గాని, మసి అనుకోలేదు.

"శుద్ధి తరవాత చేద్దువు, దేవుడు ఆగుతాడు" అంటూ కేతకి చంకలోని తట్ట దింపింది. నిండా తవుడు. "ఈ గోడ ఆగదు. ముందు పైన, తరవాత కింద. తోమకు, అద్ది దులుపు. నల్లబడ్డ తవుడు పారబోసి కొత్తది తీసుకో."

ఇద్దరూ కూర్చున్నారు. పిడికెడు తవుడు గోడకు అద్దితే నల్లగా రాలింది, కింద జానెడు మేర మట్టిరంగు కనబడింది. మరో పిడికెడు, మరో జానెడు. మధ్యాహ్నానికి ఇద్దరి మొహాలూ గోడకన్నా నల్లబడ్డాయి.

"ఖుడీ, ఈ పొగవాసన పోతుందంటావా?"

"వేపాకు, గుగ్గిలం కలిపి రోజూ ధూపం వెయ్యి."

"పొగ పోవడానికి మళ్ళీ పొగేనా?"

"మీ ఇంట్లో చెడ్డ చుట్టం తిష్ట వేశాడు. మంచి చుట్టం వస్తే వాడే లేచిపోతాడు. మీ అత్త ఉంటే ఈపాటికి వంద సామెతలు చెప్పేది, నాకు అవేం రావు." కేతకి తవుడు దులుపుకుంది. "నీకు తెలుసా, ఆవిడకి నేను ఒక మాణ వడ్లు బాకీ."

"ఎప్పటి మాట?"

"దయా నది పొంగిన ఏడు. మా చేనంతా ఇసక మేట వేసింది. మార్గశిర గురువారం, మాణలో పొయ్యడానికి గింజ లేదు. ఆ రోజు ఎవరింట్లోంచీ గింజ బయటికి రాదు కదా, ఎవర్ని అడగను? తలుపేసుకుని ఏడుస్తుంటే మీ అత్త కొంగు కింద దాచి తెచ్చి పోసింది. 'లక్ష్మి మీ ఇంట్లోంచి వచ్చేసింది కదా అక్కా' అంటే, 'ఆకలి తెలిసిన తల్లే, చూసిరమ్మని పంపింది' అంది. మరుసటేడు తిరిగిద్దామని బుధవారం తీసుకెళ్ళాను. పుచ్చుకుంటేనా! గురువారం ఇచ్చింది గురువారమే తీసుకుంటానంది. గురువారం నేనెలా ఇస్తానే, మా ఇంట్లోనూ లక్ష్మి కూర్చుని ఉంటుందిగా! ముసలిది కావాలనే ముడి వేసింది. ఏటేటా అడగడం, నవ్వేసి పంపెయ్యడం. అలాగే పోయింది."

కేతకి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. వెంటనే, "ఏం చూస్తున్నావు, పని చూడు!" అని కసిరింది.

గోడ పైభాగానికి ఇద్దరి చేతులూ అందలేదు. సాయంత్రం బనమాలిని పిలిచారు. "గోడ బతికితే నాకు నష్టం, అయినా సరే" అంటూ అతను నిచ్చెన ఎక్కాడు. కాసేపు తవుడు అద్దే చప్పుడు వినబడింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"భావుజా, ఇలా చూడు."

కప్పు లేదు గనక గదిలోకి నేరుగా ఎండ పడుతోంది. కింది గోడ మీది అలుకుడు గీతలు, ఏటేటా నిశామణి కుడిచెయ్యి తీసినవి, ఎడమనుంచి లేచి కుడివైపు వాలుతున్నాయి. ఆమె చెయ్యి అందిన ఎత్తు దగ్గర అవి ఆగిపోయాయి. ఆ పైన ఉన్నవి పెద్ద పెద్ద వంపులు. అవన్నీ కుడినుంచి లేచి ఎడమకు వాలుతున్నాయి. నిశామణి తనకు అందినంత మేరకే మెత్తుతూ వచ్చింది. ఆ పైభాగం ఎప్పుడూ కప్పు నీడలో ఉండేది, ఎవరూ తలెత్తి చూడలేదు.

బనమాలి ఒక వంపులో అరచెయ్యి ఆనించాడు. అతని చెయ్యి అందులో చిన్నదైపోయింది.

"నన్ను ఈ చేత్తోనే కొట్టేది" అన్నాడు. "అందరి అమ్మలూ కుడిచేత్తో కొడతారని అటు తప్పుకునేవాణ్ణి. ఇటునుంచి పడేది దెబ్బ."

గుమ్మంలో పీతవాస్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. చాలాసేపు పైకి చూశాడు. దీపావళి తరవాత తనంతట తానుగా అతను అన్న మొదటి మాట అదే.

"పడగొట్టొద్దురా."

"పడగొట్టను" అన్నాడు బనమాలి. "మళ్ళీ ఇటునుంచి దెబ్బ పడితే?"

వసారా గోడ మాత్రం పోయింది. దాన్ని కాపాడే ఉపాయం ఎవరికీ తోచలేదు. పేడనీళ్ళు ముందుగా దానికే తగలడం దాని రాత అనుకుంది నిశామణి, గునపం దెబ్బలు వినబడుతుంటే చెవులు మూసుకుంది. పెళ్ళైన కొత్తలో ఆ గోడకే ఆనుకుని అత్తాకోడళ్ళు ఇద్దరూ మినపవడియాలకు కాపలా కాసేవాళ్ళు. దాని చోట బనమాలి ఇటుక గోడ లేచింది. కప్పుకు వీధిలో ప్రతి ఇల్లూ తలా ఇన్ని గడ్డిమోపులు, ఒక మనిషిని ఇచ్చింది. అది అక్కడి వాడుక. ఎవరూ అడగరు, ఎవరూ మానరు.

గురువారం నిశామణి కోడి కూయకముందే లేచి తలంటి పోసుకుంది. గది అలికింది, గోడ మాత్రం తన చెయ్యి అందేదాకానే. బియ్యప్పిండి కలిపి వరివెన్నులు, గడప నుంచి పీట దాకా అమ్మవారి పాదాలు వేసింది. పీట మీద మాణ పెట్టింది. మెరక చేలో ముందుగా కోసిన వడ్లు గడ్డిపురిలో ఉండి చాలావరకు కాలిపోయాయి. నడిమధ్యన మిగిలిన బంగారురంగు గింజల్ని ఏరి, మూటగట్టి దాచింది. ఆ మూట విప్పగానే గుప్పున పొగవాసన కొట్టింది. గింజ కొరికింది. లోపల కూడా అదే.

"నిప్పు ఎంగిలి చేసింది. ఇవి అమ్మవారికి పనికిరావు" అంది.

"పల్లపు చేను ఇంకా పచ్చి" అన్నాడు పీతవాస్. "ఎవరినైనా అడిగితే?"

"ఇవాళా? ఏ ఇంట్లోంచి గింజ కదులుతుంది?"

బాగుపడ్డ గోడ, కొత్త కప్పు, పీట మీద ఖాళీ మాణ. అగ్నీ దేవుడే, లక్ష్మీ దేవతే, ఆయన తిన్నదాన్ని ఈవిడ ఎందుకు ముట్టుకోకూడదో అని ఒక్క క్షణం అనిపించి, చెంపలేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గడపలో చేట చప్పుడైంది. కేతకి. తడిజుట్టు, చేట మీద కొంగు కప్పి ఉంది.

"ముగ్గు తొక్కను, పక్కనుంచి వస్తున్నాను. పొగలో నానిన వడ్లు ఎలా ఉంటాయో నాకు తెలీదనుకున్నావా? మాణ ఇటు జరుపు."

"ఖుడీ! ఇవాళ మీ ఇంట్లోంచి..."

"తెలుసులే. మా గడప దాటితే మీ గడపే కదా. అమ్మవారు దారి తప్పదు."

వడ్లు జలజల పడ్డాయి. మాణ అంచు దాటి గోపురంలా నిలిచాయి. నిశామణి అలాగే మాణను పీట మీదకు జరపబోయింది.

"చదును చెయ్యి" అంది కేతకి. "సరిగ్గా ఒక మాణ. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

నిశామణి అరచేత్తో అంచు దాకా చదును చేసింది. మిగిలిన గింజల్ని కేతకి ఒక్కటి వదలకుండా చేటలోకి ఊడ్చుకుని, కొంగు కప్పుకుని, పక్కనుంచే ఇంటికి వెళ్ళిపోయింది.