నడుమెత్తున నరికిన వెదురు

శనివారం పొద్దున్నే తకెహారా ఊరి ముసలివాళ్లు రంపాలు పట్టుకుని కొండెక్కుతారు. పట్టించుకోకపోతే వెదురు కొండనంతా మింగేసి, ఓక్ చెట్లకు ఎండ పొడ తగలనివ్వదు. వాళ్లలో ఒకడైన కురొసుకు ఆ చెట్ల మీద ప్రేమేమీ లేదు. భార్య మియె పోయినప్పుడు ఆయనకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత నాలుకకు రుచి తెలియడం మానేసింది. ఒంటిమీద చొక్కా వేలాడుతుంటే చూసి, "ఇంకా చిక్కితే ఆసుపత్రిలో పడుకోబెడతాను. వద్దనుకుంటే కొండెక్కండి" అన్నాడు డాక్టరు. అందుకని ఎక్కుతున్నాడు.

చలికాలంలో అక్కడ వెదురును నడుమెత్తున నరుకుతారు. పైన చెట్టు లేదని తెలియని వేరు నీళ్లు తోడీ తోడీ అలిసి చచ్చిపోతుంది. మిగిలిన మొద్దు గొట్టంలో నిండేది మాత్రం నరికినవాళ్లు ఏడవకుండా దాచుకున్న ఏడుపు. ఉప్పగా ఉంటుంది. వాళ్లతో కొండెక్కే నెగిషి అవ్వ కోసిన మొద్దులు నిండి పొర్లాకే ఆమె బీపీ మాత్ర సగానికి తగ్గింది.

కురొసు మాత్రం వెదురును మొదలంటా కోసేవాడు. మియె కాలికి మొద్దు తట్టుకుంటుందని పెరట్లో అలా కోసి కోసి అదే అలవాటైపోయింది.

"ఏమయ్యా, మళ్లీ నేలమట్టం చేశావా! నీ ఏడుపు ఎక్కడ పోసుకోమంటావు, నా నెత్తినా?" అంది నెగిషి అవ్వ.

"ఎవరైనా తట్టుకుని పడతారు, అవ్వా."

"ఎవరు పడతారు?"

పడే మనిషి ఇక లేదు. కురొసు పక్క వెదురుకు నడుమెత్తున రంపం పెట్టాడు. కోశాడు. ఏమీ అనిపించలేదు.

భోజనాలకు కూర్చునే వేళకు ఆ మొద్దు నిండింది. తర్వాత పొర్లింది. నీళ్లు వాలుగా పారి వస్తుంటే అందరూ కాళ్లు కాస్త జరుపుకుని తింటున్నారు. తన బూట్లు తడుస్తున్నా కురొసు ఎవరివో నీళ్లన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి.

అవ్వ ఒక అన్నం ముద్ద ఆయన చేతిలో పెట్టింది. ఎప్పటిలాగే మట్టి నమిలినట్టు నమలబోయి ఆగిపోయాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు.

ఇంట్లో రోజూ అనే మాటే అది. మియె పోయాక మళ్లీ అనడం ఇదే మొదలు.

"అయితే వచ్చే వారం నువ్వే చేసి పట్టుకురా" అంది అవ్వ, తల కూడా ఎత్తకుండా.

మియె కూడా అచ్చం అలాగే, "అయితే నువ్వే చేసుకో" అనేది.

"నాకు ముద్ద కట్టడం రాదు" అన్నాడు కురొసు.

"వంక పెట్టడం వచ్చిందిగా, అదీ వస్తుందిలే."

ఆయన ఆ ముద్దంతా తినేసి, రెండోదానికి చెయ్యి చాచాడు.