నలభయ్యో రోజు సింకు

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకు శివశంకర్ సూపర్‌వైజరు. రోజుకు లక్షల లీటర్ల నీటికి దారి చూపే ఆ నిపుణుడికి, డిసెంబరు ఉదయం ఏడింటికి, తన వంటింటి సింకులో నిలిచిన రెండు బిందెల నీటికి దారి చూపడం చేతకాలేదు. కిటికీలో కొబ్బరినూనె సీసా రాయిలా గడ్డకట్టి ఉంది. పైపులో గడ్డకట్టిందేమిటో అతనికి అంతకంటే స్పష్టంగా తెలుసు. చిక్కంతా అదే.

బోరులో నీళ్లు పడితే ఇంటిల్లిపాదీ నలభై ఒక్క రోజులు నీసు ముట్టకుండా ఉండి బొంతపల్లి వీరభద్రస్వామిని దర్శించుకుంటామని అతని తల్లి కౌసల్యమ్మ మొక్కింది. నీళ్లు పడ్డాయి. నియమావళి కూడా ఆమే రచించింది. ఇంట్లో ఏ ఒక్కరు తప్పినా అందరికీ మళ్లీ ఒకటో రోజే. ఫ్యాక్టరీల ఘాటును చీల్చుకొని మూడు వీధుల అవతల ఉడికే కోడిని పసిగట్టే ముక్కు ఆమెది. ఇవాళ నలభయ్యో రోజు.

పోయిన ఆదివారం అత్తాకోడళ్లు వెలిమెల చుట్టాలింటికి వెళ్లినప్పుడు, శివశంకర్ అరకిలో ఖీమా వండుకొని, ఏకాంతంలో, పరమ భక్తితో తిన్నాడు. గిన్నె కడిగిన కొవ్వు నీళ్లను సింకులో వంపాడు. అన్ని కిటికీలూ తెరిచి వాసనను తరిమిన ఆ మేధావికి చలికాలం సంగతి గుర్తుకు రాలేదు.

"యాదన్నను పిలుస్త," అంది భార్య సునంద.

"ప్లంబరెందుకు? నేను దినాం జేసే పని గిదే గద."

ఇనుప తీగ పొడిచాడు. వేడినీళ్లు పోశాడు, అవి చన్నీళ్ల మీద తేలుతూ చల్లారాయి. ఏదో పొడి చల్లాడు, నురుగొచ్చింది.

"మీ కంపెనీల నీళ్లు గూడ గిట్లనే పోతయా?" అంది సునంద.

"వాణ్ణి పరేషాన్ జెయ్యకే," అంది కౌసల్యమ్మ. "పైపు ఇప్పితె ఇల్లంత గలీజైతది. రెండు దినాలైతె అదే పోతది."

పెళ్లయ్యాక తల్లి తన పక్షాన నిలవడం ఇదే మొదటిసారి. శివశంకర్ గుండె కరిగింది. పైపులోది కరగలేదు. సునంద అప్పటికే ఫోన్ చేసేసింది.

యాదన్న వచ్చి, ఇంటి వెనక పైపు వంపు కింద బకెట్టు పెట్టి, పానాతో బిగువు వదిలించాడు. బుడుంగున నీళ్లు, వాటి వెనక జానెడు తెల్లటి కడ్డీ జారి పడ్డాయి.

"సారూ, కొవ్వొత్తుల కంపెనీ గిట్ల వెట్టినవా?"

"నెయ్యి," అన్నాడు శివశంకర్. "చలికి గడ్డకట్టింది."

"అవ్, నెయ్యే," అంది గుమ్మంలోంచి కౌసల్యమ్మ, శాలువా ముక్కుకు అడ్డం పెట్టుకొని. "నాకు జలుబు వట్టింది, ఏ వాసనా తెలుస్తలేదు. జల్దీ మూసెయ్యి యాదగా."

యాదన్న కడ్డీని విరిచి, లోపలి నుంచి దువ్వెనలాంటిదొకటి బయటికి లాగాడు. "నెయ్యికి ముల్లుంటదా అవ్వా? కొర్రమీనుది. కొవ్వు దారి ముయ్యంగ గిదొచ్చి తట్టుకున్నది."

శివశంకర్ వంగి ముల్లును చూశాడు. ఖీమాలో ముళ్లుండవు. చేప వాసనకే సునందకు వాంతులు. మొన్న గురువారం తానూ సునందా సంగారెడ్డి రిజిస్ట్రారు ఆఫీసులో పొద్దుగూకులూ కూర్చున్నప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్కరే. ఆ ఒక్కరు ఇప్పుడు జామచెట్టు కొసను తదేకంగా పరిశీలిస్తున్నారు.

"యాదన్నా, చేపకు గింత కొవ్వుంటదా?" అడిగింది సునంద, నెమ్మదిగా.

"యాడిదక్కా? గిది యాట మాంసం కొవ్వు."

సునంద భర్తను చూసింది. అత్తను చూసింది. ముప్ఫైతొమ్మిది రోజులు బీరకాయా, సొరకాయా తిన్న మనిషి చూపు అది.

"అత్తమ్మా, ఒక్కలు తప్పినా అందరికి ఒకటో దినమేనా?"

కౌసల్యమ్మ శాసనకర్త. సవరణ క్షణంలో సిద్ధమైంది. "గట్లెట్లయితది బిడ్డా? ఎవలు తప్పితె వాళ్లకే."

"గట్లనే గానీ. రేపు బొంతపల్లికి నేనొక్కదాన్నే పోతా. మీరిద్దరు రేపటి సంది ఒకటో దినం వెట్టుకోండ్రి."

అలాగే వెళ్లింది, దర్శనం చేసుకొని వచ్చింది. మర్నాడు నాటుకోడి తెచ్చి, అల్లం వెల్లుల్లి దండిగా నూరి, పొయ్యి మీద పెట్టింది. తల్లీకొడుకులు ముందు గదిలో సొరకాయ కూర ముందు కూర్చున్నారు.

కౌసల్యమ్మ జలుబు అప్పటికి పూర్తిగా నయమైంది.