సరిసంఖ్య పూలు

మార్చి ఎనిమిది. ఆ మధ్యాహ్నం ఉడకబెట్టిన బంగాళాదుంపలు, ఉల్లిపాయ చక్రాలు వేసిన ఉప్పుచేప తిన్నారని రిమ్మాకు ఇప్పటికీ గుర్తు. "ఇవాళ ఆడవాళ్ళ పండగ, నువ్వు కదలకు," అన్నాడు భర్త గ్లేబ్. దుంపలు వలిచిందీ, గిన్నెలు తోమిందీ, సాయంత్రం అతని ఫొటోల ప్రదర్శనకు వచ్చేవాళ్ళ కోసం నలభై రొట్టెముక్కలకు వెన్న రాసిందీ రిమ్మాయే.

ఆ ఫొటోలు ఫ్యాక్టరీ పేటలో మత్తుసూదులకు అలవాటుపడ్డవాళ్ళవి, ఆ సూదులతోనే హెచ్ఐవీ అంటినవాళ్ళవి. ఆరేళ్ళుగా తీస్తున్నాడు. వాళ్ళ తలుపులు మాత్రం రిమ్మా గొంతు వింటేనే తెరుచుకునేవి. ఆమె ఆ పేట నర్సు. పుండ్లు కడిగి, సూప్ తాగించి, అప్పుడు అడిగేది, "మా ఆయన ఒక్క ఫొటో తీసుకుంటాడమ్మా" అని. పేపర్లో అతని పేరే పడేది. "నువ్వు నా కుడిచెయ్యివి," అనేవాడు. కుడిచేతికి పేరెందుకు?

చెల్లెలు నెల్లీని ఫొటోకి ఒప్పించిందీ ఆమే. "తీసుకోమను బావని. మొహం మాత్రం నేను పోయాకే చూపించాలి. నాకీ జబ్బని అమ్మకి తెలీదుగా," అంది నెల్లీ. గ్లేబ్ మాటిచ్చాడు.

ఆ సాయంత్రం ప్రదర్శన హాల్లో ఎదురుగోడ మీద నెల్లీ మొహం, నిలువెత్తున. కింద నాలుగు ఎర్ర కార్నేషన్ పూలు. మూడైతే పండగ అనుకునేది. వాళ్ళ ఆచారంలో సరిసంఖ్య పూలు సమాధికే పెడతారు.

రిమ్మా చేతిలోని రొట్టెల పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"పాపం, ఎప్పుడు పోయింది?" అంది వచ్చినవాళ్ళ చలికోట్లు తీసుకుని దాచే ముసలావిడ కపితోలినా.

"పోలేదు. తన ఇంట్లో తలస్నానం చేసి, కేకు తెస్తానని నాకోసం చూస్తోంది."

ముసలావిడ కూర్చోమన్నట్టు తన స్టూలు రిమ్మా వైపు జరిపింది.

గ్లేబ్ రిమ్మా మోచెయ్యి పట్టుకుని మూలకి లాగాడు. "రభస చెయ్యకు. పోయిందంటేనే జనం ఆగి చూస్తారు. అయినా, ఎలాగూ..."

"ఎలాగూ?"

"మందులు ఎన్నాళ్ళు పనిచేస్తాయి చెప్పు?"

అంటే అతని లెక్కలో, ఆరేళ్ళుగా తను అతన్ని తీసుకెళ్ళింది బతికున్నవాళ్ళ దగ్గరికి కాదన్నమాట. ఇంకా పోనివాళ్ళ దగ్గరికి. రిమ్మా కుర్చీ ఎక్కి ఫొటో దించింది, శాలువాలో చుట్టింది. ఎవరూ అడ్డు రాలేదు. కపితోలినా ఆమె కోటు తెచ్చి తొడిగి, తన బల్ల మీది సీసాలోంచి, ఆ పండక్కి ఇచ్చే పసుప్పచ్చని మిమోజా పూలకొమ్మ తీసి చేతిలో పెట్టింది. "పిల్లకి పండగని చెప్పు, అమ్మాయ్."

రిమ్మా నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఆమె చెప్పిందంతా నెల్లీ వింది. "కార్నేషన్లేనా అక్కా? గులాబీలకి కూడా నోచుకోలేదా నేను?" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఎవరో చెప్పేలోగా అమ్మకి నేనే ఫోన్ చేస్తా," అంది. ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

రాత్రి ప్రదర్శన ముగించుకుని గ్లేబ్ అక్కడికి వచ్చాడు. రిమ్మా గొలుసు తియ్యకుండానే తలుపు ఓరగా తెరిచింది.

"కోపం తగ్గిందా? రేపు రైల్వే క్వార్టర్లలో ఫొటోలకి వెళ్ళాలి. నువ్వు రాకపోతే వాళ్ళు తలుపు తియ్యరు."

"తియ్యరు," అంది రిమ్మా.

లోపల నెల్లీ ఇంకా ఫోన్లో అమ్మతో మాట్లాడుతోంది. ఆ మాటలకి అడ్డు రాకుండా, ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసింది.